వాయిదాకూ వాయిదాకూ మధ్య

విడాకుల నోటీసు చేతికొచ్చిన మనిషికి లాయరు దొరుకుతాడు, పెద్దమనుషులు దొరుకుతారు. అర్ధరాత్రి మనసు అల్లే ప్రళయాన్ని పోగుపోగుగా విప్పి చూపించే మనిషే దొరకడం కష్టం. కోలారు జిల్లా నుంచి ముఖచిత్ర కథనం.

కోర్టులో పిలుపు రెండు నిమిషాల పని. బంట్రోతు పేర్లు కేకేస్తాడు. ఇద్దరూ చెరో పక్క వచ్చి నిలబడతారు. ఒక లాయరు గడువు అడుగుతాడు, తేదీ పడుతుంది. తర్వాతి వాయిదా నెలకో, రెండు నెలలకో. రికార్డు ప్రకారం ఈ మధ్యకాలంలో జరిగేదేమీ లేదు. మనిషి లోపల మాత్రం అంతా అప్పుడే జరుగుతుంది.

పగలు పనిలో పడి ఎలాగో గడిచిపోతుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక లెక్కలు మొదలవుతాయి. ఆయన డబ్బివ్వడు. ఇవ్వకపోతే బడి ఫీజు కట్టలేను. కట్టలేనని తెలిస్తే పిల్లోడ్ని వాళ్లే తీసుకుపోతారు. పిల్లోడు లేకుండా పుట్టింట్లో ఎన్నాళ్లుంటాను? నా మూలంగా చెల్లెలికి సంబంధాలు రావు. అమ్మానాన్నా ఆ దిగులుతోనే పోతారు. అటుపైన నాకెవరున్నారు? పది నిమిషాల్లో ఒక పోస్టు కవరు నుంచి దిక్కులేని చావు దాకా దారి పడిపోతుంది. అందులో ఇప్పటిదాకా జరిగింది ఒక్కటే, నోటీసు రావడం. మిగతా మెట్లన్నీ మనసు కట్టుకున్నవి.

జరగబోయేవాటిలో అతి ఘోరమైనదాన్ని ఖాయంగా జరిగేదిగా నమ్మి, అది జరిగితే తట్టుకోలేనని కూడా ముందే తీర్మానించుకోవడాన్ని మనస్తత్వ శాస్త్రంలో విపత్తు ఆలోచన అంటారు. 1950ల్లో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960ల్లో ఆరన్ బెక్ ఈ ఆలోచనల పోకడను గమనించి, మాటలతో దాన్ని సడలించే చికిత్సా పద్ధతులకు పునాది వేశారు. విడాకుల విషయంలో దీనికి మరో చిక్కు ఉంది. ఇక్కడ నష్టం ఊహ కాదు. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు మనోవైద్యులు జీవితంలోని ఒత్తిళ్లకు మార్కులు వేస్తే భాగస్వామి మరణానికి 100, ఆ వెంటనే విడాకులకు 73, విడిగా ఉండడానికి 65 వచ్చాయి. విడిపోతున్న మనిషితో ‘ఊరికే భయపడుతున్నావు’ అంటే అబద్ధమాడినట్టే. కౌన్సెలింగ్ పని ఉన్న నష్టాన్నీ, దానిమీద మనసు పేర్చిన నష్టాన్నీ వేరు చేయడం.

కాగితం కన్నడంలో, కన్నీళ్లు తెలుగులో

కోలారు పక్కనే హైవే మీద ఉంటుంది తమక. 1986లో మొదలైన శ్రీ దేవరాజ్ అర్స్ వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి ఉన్న చోటు. బోర్డులు కన్నడంలో ఉన్నా మాట తెలుగులోనూ నడిచే జిల్లా ఇది. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారపేట వైపు పల్లెల్లో ఇంటి భాష తెలుగైన కుటుంబాలు ఎన్నో. బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోకి వెళితే తమిళం.

పెళ్లి చెడిన మనిషి ‘నాకు కౌన్సెలింగ్ కావాలి’ అంటూ ఆసుపత్రి గడప తొక్కడం అరుదు. గుండె దడ అనో, తల భారం అనో, అన్నం సహించడం లేదనో వస్తారు. ఈసీజీ బాగుంటుంది, రక్తపరీక్ష బాగుంటుంది. ‘ఇంట్లో అంతా బాగేనా?’ అని ఎవరైనా అడిగితే తప్ప అసలు సంగతి బయటికి రాదు. వైద్య కళాశాల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉండడం వల్ల కలిగే మేలు ఇక్కడే తెలుస్తుంది. గుండె డాక్టరు దగ్గరి నుంచి పక్క గదికి పంపితే చాలు, ఇంకో ఊరికి పోనక్కర్లేదు. ‘పిచ్చాసుపత్రికి పోయొచ్చింది’ అన్న మాటా రాదు. విడాకుల కేసులో అవతలివాళ్లు దాన్నే ఆయుధం చేసుకుంటారన్న భయం ఉన్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

భాష సంగతీ చూడాలి. సమన్లు కన్నడంలో, లాయర్ల వాదన కన్నడంలోనో ఇంగ్లీషులోనో, భయం తెలుగులో. కోర్టులో ఆ రెండు నిమిషాల్లో ఏం జరిగిందో అర్థం కాక బయటికొచ్చిన మనిషికి, లాయరు ముఖం చిట్లించడమే తీర్పులా కనిపిస్తుంది. తెలియని చోటల్లా మనసు చెడునే పూరిస్తుంది. అందుకే ఇంటి భాషలో అడిగి, ఇంటి భాషలో జవాబు వినిపించడమే చికిత్సలో మొదటి మెట్టు.

ఉన్న నష్టాన్నీ ఊహించిన నష్టాన్నీ వేరు చేయడమంటే ఏమిటో కేజీఎఫ్ వాళ్లకు చెప్పడం తేలిక. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. ఆ లోతున రాయి ఒత్తిడి తట్టుకోలేక పేలేది. పైన ఊళ్లో ఇళ్లు కంపించేవి. కంపించింది నిజం. కానీ ఎక్కడ, ఏ మట్టంలో, ఎంత మేర అన్నది కంపనం చెప్పదు. ఆ క్షణంలో ప్రతి ఇల్లాలికీ పేలింది తన భర్త ఉన్న చోటే. నిజంగా ఎక్కడ పేలిందో కనిపెట్టడానికి గనిలో భూకంప పరికరాలు పెట్టారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా ఆ భయంతోనే ఊరు బతికింది. కౌన్సెలర్ చేసేదీ ఆ పరికరం పనే. కంపించలేదని అనరు, ఎక్కడ పేలిందో వెతుకుతారు.

మూడు గడుల కాగితం

ఒక సంభాషణను ఊహించి చూద్దాం. బంగారపేట వైపు పల్లె నుంచి వచ్చిన ఒకామె, ఎదురుగా కౌన్సెలర్.

‘నా బతుకు అయిపోయింది మేడం.’

‘అయిపోయిందంటే ఏమవుతాదని నీ భయం? చెప్పమ్మా.’

‘పిల్లోడ్ని లాక్కుంటారు.’

‘లాక్కుంటామని ఎవరన్నారు?’

‘మా అత్త అనింది. ఫోన్లో.’

‘కోర్టు అనిందా?’

‘లేదు.’

‘పిల్లోడికెన్నేండ్లు? ఇప్పుడెవరి దగ్గరుండాడు?’

‘నాలుగు. నా దగ్గరే.’

కౌన్సెలర్ ఇక్కడ ధైర్యం చెప్పరు, ఓదార్చరు. ఒక కాగితం మీద మూడు గడులు గీస్తారు. జరిగినవి ఒకదాంట్లో, జరగడానికి వీలున్నవి ఇంకోదాంట్లో, ఎవరో అన్నవీ మనం అనుకున్నవీ మూడోదాంట్లో. అత్త మాట మూడో గడిలోకి పోతుంది. ‘పిల్లోడు నా దగ్గరున్నాడు’ మొదటి గడిలోకి వస్తుంది. రెండో గడిలోకి చేరిన ప్రతి భయాన్నీ ఒక ప్రశ్నగా మార్చి, దానికి జవాబు ఎవరి దగ్గర ఉందో పక్కన రాస్తారు. బిడ్డ సంగతి లాయరును అడగాలి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఏ వయసులోనైనా కోర్టు మొదట చూసేది బిడ్డ క్షేమం. అత్త కోపం ఆ లెక్కలోకి రాదు.

డబ్బు భయమూ అంతే. కేసు తేలేదాకా తిండికేం చేయాలన్న ప్రశ్నకు హిందూ వివాహ చట్టంలోనే మధ్యంతర భరణం ఉంది. ఆ దరఖాస్తు నోటీసు అవతలివారికి అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, దాన్ని తేల్చాలని చట్టం చెబుతుంది. 2020 నవంబరులో రజనీశ్, నేహ కేసులో సుప్రీంకోర్టు ఇంకో రెండు సంగతులు తేల్చింది: భరణాన్ని దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్కగట్టాలి, ఇద్దరూ ఆస్తులూ ఆదాయాల వివరాలు ప్రమాణపత్రంలో దాఖలు చేయాలి. ‘ఆయన డబ్బివ్వడు’ అన్న తీర్పు ఇప్పుడు ‘దరఖాస్తు ఎప్పుడు వేద్దాం’ అన్న పనిగా మారుతుంది. చేతికి అందడానికి ఆలస్యం కావచ్చు. కౌన్సెలర్ ఆ మాటా దాచరు. అప్పటిదాకా ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న అవుతుంది.

చెల్లెలి సంబంధాల సంగతికి ఏ చట్టంలోనూ జవాబు లేదు. నలుగురూ నాలుగు మాటలు అంటారు, ఒకటో రెండో సంబంధాలు వెనక్కి పోవచ్చు కూడా. ఇలాంటిచోట నాలుగు ప్రశ్నలు పనికొస్తాయి. అన్నిటికన్నా చెడుగా ఏం జరగొచ్చు? అన్నిటికన్నా మంచిగా ఏం జరగొచ్చు? రెంటికీ నడుమ ఎక్కువగా జరిగేదేమిటి? ఆ చెడే జరిగితే మరుసటి రోజు పొద్దున నేను చేసే మొదటి పనేమిటి? నాలుగోది కీలకం. విపత్తు ఊహ ఎప్పుడూ ఘోరం జరిగిన క్షణం దగ్గర ఆగిపోతుంది. దాని తర్వాతి పొద్దును మనసు చూపించదు. ఆ పొద్దును చూడమని అడిగితే, లేచి పాలు పోయడం, పిల్లాడికి తలదువ్వడం, పనికిపోవడం కనిపిస్తాయి. అంత ఘోరంలోనూ తాను కదులుతూనే ఉంటానని అప్పుడు తెలుస్తుంది.

మగవాడి భయానికి చోటెక్కడ?

మారికుప్పం, కోరమండల్ వైపు నుంచి తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, చీకటిపడ్డాక దిగే వేలమందిలో విడాకుల కేసు నడుస్తున్న మగవాళ్లూ ఉంటారు. వాళ్ల విపత్తు వేరేలా ఉంటుంది. రేపే పోలీసులొచ్చి ముసలి తల్లిని కూడా పట్టుకుపోతారు, ఉద్యోగం ఊడుతుంది, బిడ్డ నన్ను నాన్నా అనడం మానేస్తుంది. ఇంట్లో చెప్పలేరు, తోటి ప్రయాణికుడికి చెబితే నవ్వులపాలు. చాలామందికి దొరికే ఓదార్పు సీసాలో ఉంటుంది. అది నిద్రను ముక్కలు చేసి, మర్నాటి భయాన్ని ఇంకాస్త పెంచుతుంది.

వాళ్ల భయానికీ అదే మూడు గడులు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, భార్యపై క్రూరత్వం, వరకట్న వేధింపుల ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టు చేయొద్దని, అవసరమేమిటో పోలీసులు రాతపూర్వకంగా కారణాలు చూపాలని చెప్పింది. బిడ్డను చూసే హక్కు కోసం తండ్రి కోర్టును అడగొచ్చు. ఈ రెండూ తెలిసినవాడు ఫోనులో బెదిరింపులకు దిగకుండా లాయరు దగ్గరికి పోతాడు. నిజానికి భయపడిన మగవాడి బెదిరింపే అవతల ఆమె కాగితంలో మూడో గడిని నింపేది. ఒకరి విపత్తు ఊహ ఇంకొకరి విపత్తు ఊహకు మేత.

రాసుకుంటే తగ్గుతుందా?

బాధ ఉంటే రాసుకో, తేలికపడతావు అన్న సలహా మనకు అలవాటు. అమెరికాలో డేవిడ్ స్బారా బృందం కొత్తగా విడిపోయిన 90 మందిపై ఈ మాటను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించింది. కొందరితో లోలోపలి భావాలు రాయించారు, కొందరితో రోజంతా ఏమేం చేశారో భావాల జోలికి పోకుండా రాయించారు. జరిగినదానికి అర్థమేమిటా అని పదేపదే తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్లలో, లోతుగా రాసినవాళ్లకన్నా ‘పొద్దున లేచాను, పాలు తెచ్చాను’ అని రాసినవాళ్లే నెలల తర్వాత మెరుగ్గా ఉన్నారు.

ఇది మన ఇళ్లకూ పనికొచ్చే సంగతి. వచ్చిన ప్రతి చుట్టం ముందూ కథ మొదటి నుంచి చెప్పించడం, ‘వాడు అట్లా ఎందుకన్నాడంటావ్’ అని అర్ధరాత్రి దాకా ఫోనులో తవ్వడం ఓదార్పులా కనిపిస్తాయి. తవ్వుకునే మనసుకు అవి పొయ్యిలో కట్టెలే. దీనికి కౌన్సెలర్లు చేసే ఏర్పాటు చాలా మామూలుది. దిగులుకు రోజులో ఒక వేళ కేటాయిస్తారు, సాయంత్రం అరగంట. మిగతావేళ భయం వస్తే ఒక మాట రాసిపెట్టుకుని ఆ అరగంటకు వాయిదా వేయాలి. వాయిదాలు వేయడం కోర్టుకే కాదు, మనకూ చేతనవును.

మనసు జోస్యాలు ఎంత నిజమవుతాయన్నదీ చూశారు. తీవ్ర ఆందోళనతో బాధపడేవాళ్లు రాసుకున్న భయాలను రోజూ సరిచూస్తే, వాటిలో 91 శాతం నిజం కాలేదని 2020లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చూపారు. పిల్లల సంగతిలో అమెరికా మనస్తత్వవేత్త మేవిస్ హెదరింగ్టన్ దశాబ్దాల అధ్యయనం 2002లో పుస్తకంగా వచ్చింది. విడిపోయిన ఇళ్ల పిల్లల్లో 20 నుంచి 25 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు కనిపించాయి, విడిపోని ఇళ్లలో అవి 10 శాతం మందికి. ప్రమాదం రెట్టింపన్నది నిజం. నూటికి డెబ్బై అయిదుకు తక్కువ కాకుండా నిలదొక్కుకున్నారన్నదీ నిజం. ‘పిల్లల బతుకు నాశనం’ అన్న తీర్పుకు ఈ లెక్కల్లో చోటు లేదు. ‘వీడి మీద ఒక కన్నేసి ఉంచాలి’ అన్న జాగ్రత్తకు చోటుంది.

అమెరికా లెక్కను కోలారుకు అచ్చంగా అతికించలేం. 2011 జనగణన ప్రకారం మన దేశంలో విడాకులు పొందినవారు దాదాపు 13.6 లక్షలు. విడాకులు లేకుండానే విడిగా బతుకుతున్నవారు దాదాపు దానికి మూడింతలు. కోర్టు గుమ్మం ఎక్కకుండా, భరణమూ లేకుండా, పేరుకు మాత్రం భార్యగా మిగిలినవాళ్లు అందులో ఉన్నారు. చేతిలో సంపాదన లేని ఆమెకు డబ్బు భయం మనసు అల్లిక కాదు, నెల మొదటి తారీఖు. అక్కడ ఆలోచనను సరిచేసే మాటలకన్నా ముందు రేషను కార్డు, బ్యాంకు ఖాతా, పని కావాలి. ఆ సంగతి గుర్తించని కౌన్సెలింగ్ ఆకలిగొన్నవాడికి ధ్యానం నేర్పినట్టే ఉంటుంది.

భయం నిజం చెప్పే వేళ

ఇంకో హెచ్చరిక. ‘నన్ను చంపేస్తాడు’ అన్న మాటను మూడో గడిలో పడేయకూడదు. కొట్టిన చరిత్ర ఉందా, గొంతు పట్టుకున్నాడా, తాగి కత్తి చూపాడా, పనిచోటికి వెంటపడి వస్తున్నాడా అని అడిగాకే ఏ కౌన్సెలరైనా ముందుకు పోవాలి. అవును అన్న జవాబు వస్తే ఆ భయం వక్రీకరణ కాదు, సమాచారం. అక్కడ కావాల్సింది 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారి, తలదాచుకునే చోటు, రక్షణ ఉత్తర్వు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందని చెప్పినా అంతే. ఆ రోజుకు విశ్లేషణలన్నీ పక్కనబెట్టి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా మానసిక వైద్యుడి దగ్గరికి చేర్చాలి.

ఎవరిని అడగాలి?

మనసు కుదుటపడక నిద్ర రాని రాత్రి: 14416. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్. బెంగళూరు నిమ్‌హాన్స్ సమన్వయంతో నడుస్తుంది. తెలుగులోనూ, కన్నడలోనూ 24 గంటలూ ఉచితం.

ఇంట్లో హింస ఉంటే: మహిళా సహాయవాణి 181, తక్షణ ప్రమాదంలో 112. పిల్లల కోసం 1098.

లాయరు ఫీజు లేక: 15100, లేదా జిల్లా కోర్టులోని న్యాయసేవల ప్రాధికార సంస్థ. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి.

ఎంతకాలం పడుతుందన్న భయానికి: హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ ఒప్పుకున్న విడాకులకు ఏడాది విడిగా ఉండాలి, దరఖాస్తు వేశాక ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలను సందర్భాన్నిబట్టి కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. క్రైస్తవులకు 1869 నాటి చట్టంలో 2001లో పరస్పర అంగీకారం దారి చేర్చారు. ఒకరు కాదన్న కేసులు మాత్రం ఏళ్లు పడతాయి.

రాజీ ఒక్కటే కౌన్సెలింగా?

మన చట్టంలో ‘కౌన్సెలర్’కు చోటుంది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం వాళ్లను నియమించమంటుంది. కుటుంబ న్యాయస్థానం లేనిచోట కేసు వినే కోర్టుకూ రాజీ ప్రయత్నం చేసే బాధ్యత ఉంది. కాబట్టి ఆ గదిలో అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ‘కలిసుంటారా?’ ఊళ్లో పెద్దమనుషులు అడిగేదీ అదే. ఒప్పుకోకపోతే రెండో మాట ‘సర్దుకుపోమ్మా’. ఆడపిల్ల తరఫువాళ్లు మాత్రం ‘వాడి అంతు చూద్దాం’ అంటారు. ఈ మూడు మాటల్లో ఏదీ ఆమె రాత్రులను అడగదు.

భయాన్ని ఎవరూ అడగకపోతే ఏమవుతుందో తెలుగు నేల మీదే ఒక కేసు చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 ఏప్రిల్‌లో పెళ్లయిన ఒక జంట, పెళ్లిలో పెద్దల మధ్య రేగిన గొడవతో రోజుల్లోనే విడిపోయింది. తర్వాత ఫిర్యాదులు, ఎదురు ఫిర్యాదులు, కుటుంబ న్యాయస్థానం, హైకోర్టు. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విడాకులు ఇచ్చేసరికి దాదాపు పద్నాలుగేళ్లు గడిచాయి. ఆ తీర్పులోనే ఇలాంటి తగాదాలను తొలిదశలోనే మధ్యవర్తిత్వానికి పంపాలని, కోర్టుకెక్కక ముందే మాట్లాడుకునే ఏర్పాట్లు చేయాలని ఆదేశించింది. పద్నాలుగేళ్ల ఆ దూరాన్ని ప్రేమ లేకపోవడం ఒక్కటే పెంచదు. ముందు మనం కేసు పెట్టకపోతే వాళ్లు పెడతారు, తగ్గితే నలిగిపోతాం అన్న రెండువైపుల భయమే ఇలాంటి కేసుల్లో కాగితం మీద కాగితం వేయిస్తుంది.

విపత్తు ఊహలకు ఒక పక్షం లేదు. ‘బయటికొస్తే చచ్చిపోతాను’ అన్న భయం కొట్టే మొగుడి ఇంట్లో ఒకామెను పదేళ్లు కట్టిపడేస్తుంది. ‘ఇప్పుడు తెంచుకోకపోతే నా పని అయిపోతుంది’ అన్న భయం, ఒక ఆర్నెల్లు ఆగితే నిలబడే కాపురాన్ని వారంలో తెంచేస్తుంది. అందుకే భయాన్ని తగ్గించే కౌన్సెలింగ్ విడాకులను ప్రోత్సహిస్తుందన్న అనుమానానికీ, కాపురాన్ని బలవంతంగా నిలబెడుతుందన్న అనుమానానికీ ఆధారం లేదు. అది చేసేది ఒకటే. నిర్ణయాన్ని రాత్రి రెండు గంటల నుంచి పగలు పదకొండు గంటలకు మారుస్తుంది.

కోలారులో దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. కోర్టు ఉంది, న్యాయసేవల సంస్థ ఉంది, తమకలో మానసిక వైద్య విభాగం ఉంది, ఫోను తీస్తే 14416 ఉంది. ఇవి ఒకదానికొకటి మనుషులను పంపుకోవాలి. నోటీసుతోపాటే ఆ నంబర్లు తెలుగులోనూ అచ్చువేసి పెట్టాలి. రాజీ గదిలో ‘కలిసుంటారా?’ అన్నదాని వెంటనే, ఇద్దరినీ విడివిడిగా, వాళ్ల ఇంటి భాషలో ఇంకో ప్రశ్న అడగాలి: ‘ఏం జరుగుతుందని మీ భయం?’ మొదటి ప్రశ్నకు నమ్మదగ్గ జవాబు రావాలన్నా, ముందు ఈ రెండోదానికి జవాబు వినాలి.